నలభై ఎనిమిది నట్లు

మీరెప్పుడైనా కారెక్కడానికి పీట వేసుకున్నారా? నేను వేసుకున్నాను. అదీ అమెరికాలో!

2025 ఫిబ్రవరిలో మావారూ నేనూ టెక్సాస్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్ళాం. డాలస్ పక్కన ఫ్రిస్కో అనే ఊరు. ఎయిర్‌పోర్టు బయట వాడి కారు చూసి నోరు తెరిచాను. టైరు పైన ఉండే మడ్‌గార్డు అంచు నా నడుం దాకా ఉంది. ఒక చేత్తో కుచ్చిళ్ళూ, ఒక చేత్తో తలుపూ పట్టుకుని ఎక్కబోయి రెండుసార్లు జారాను. "ఇదేం బండిరా, దీనికి నిచ్చెన ఇవ్వలేదా?" అంటే మురిసిపోతూ నవ్వాడే గానీ జవాబు చెప్పలేదు. మర్నాడు మా కోడలే, పాప చేతులు కడుక్కోవడానికి ఎక్కే ప్లాస్టిక్ పీట తెచ్చి కారులో పెట్టింది. ఉన్న ఆర్నెల్లూ అదే నాకు మెట్టు.

ఆ బండి సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు. అది టొయోటా వాళ్ళ ఫోర్ రన్నర్. అసలే ఎత్తు బండి. మావాడు దాన్ని షెడ్డులో ఇచ్చి, స్ప్రింగులు మార్పించి, ఇంకో రెండున్నర అంగుళాలు పైకి లేపించాడట. రాళ్ళ దారుల్లో, ఇసకలో పోతే అడుగు తగలకుండా ఉంటుందని. అక్కడ ఇదొక పెద్ద సరదా. మన కుర్రాళ్ళు కూడా వెళ్ళిన రెండు మూడేళ్ళకే ఆ సరదాలో పడిపోతారు. లేపించినవాడు ఊరుకోవచ్చు కదా! టైర్లు కూడా పెద్దవి వేయించాడు. కంపెనీ ఇచ్చినవి 265 మిల్లీమీటర్ల వెడల్పువి, వీడు వేయించినవి 285. తేడా 20 మిల్లీమీటర్లు, అంటే ముప్పావు అంగుళం. ఆ ముప్పావు అంగుళం దగ్గరే తంటా వచ్చింది. స్టీరింగు పూర్తిగా తిప్పితే ముందు టైరు లోపలివైపు ఇనుప కమ్మీకి 'బర్ర్'మని రాసుకోవడం మొదలుపెట్టింది.

దానికి వాడు కనిపెట్టిన మందు పేరు వీల్ స్పేసర్లు.

ఏప్రిల్‌లో ఒకరోజు గుమ్మంలో బరువైన అట్టపెట్టె పడి ఉంది. నేనే లోపలికి ఈడ్చుకొచ్చి విప్పాను. మందపాటి అల్యూమినియం బిళ్ళలు నాలుగు. మధ్యలో పెద్ద చిల్లు, చుట్టూ ఆరు చిన్న చిల్లులు, వాటి మధ్య మధ్య ఆరు ఇనుప మరలు బయటికి పొడుచుకుని. అచ్చం అంగుళంపావు మందాన తట్టిన గారెల్లా ఉన్నాయి. "ఇదేమైనా కొత్తరకం కుక్కరు సామానా అమ్మాయ్?" అని కోడల్ని అడిగాను. ఆ పిల్ల తలెత్తి చూసి, "మీ అబ్బాయి బొమ్మలు అత్తయ్యా" అని మళ్ళీ లాప్‌టాప్‌లో తలదూర్చింది. ఆ గొంతు విని ఈ విషయం మీద ఇంట్లో ఒక విడత అయిపోయిందని గ్రహించాను.

సాయంత్రం వాడు నాకు విడమరిచి చెప్పాడు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, మావాడు చెప్తే నాలాంటిదానికి కూడా అర్థమవుతుంది. చక్రాన్ని బిగించే గుండ్రటి ఇనుప భాగం ఉంటుంది, హబ్బు అంటారు. హబ్బుకీ చక్రానికీ మధ్య ఈ బిళ్ళ పెడితే, దాని మందం ఎంతో అంత చక్రం బయటికి జరుగుతుంది. ఇక టైరు లోపలి కమ్మీకి రాసుకోదు. అటు అంగుళంపావు, ఇటు అంగుళంపావు, మొత్తం రెండున్నర అంగుళాలు బండి వెడల్పవుతుంది. ఎత్తు పెంచిన బండి మలుపుల్లో తూలుతుంది కదా, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డట్టు కాస్త నిలకడ కూడా వస్తుంది అన్నాడు.

"మరి నష్టమేమీ లేదా?" అని మావారు పేపరు దించి అడిగారు.

ఉందట. నీళ్ళ బిందె చంకన పెట్టుకుని మోయడం ఒకటి, అదే బిందెని చెయ్యి చాచి పట్టుకోమంటే ఒకటి కదా. చక్రం బయటికి జరిగేకొద్దీ లోపల బేరింగు మీద పడే భారం అలా పెరుగుతుంది. స్టీరింగు కూడా కొంచెం బరువనిపిస్తుంది. పైగా, టైరు లోపలి కమ్మీకి తప్పించుకున్నా, తిప్పినప్పుడు బయటివైపు బంపరు మూలకి తగలొచ్చు. ఇవన్నీ వాడే చెప్పాడు. చెప్పి, "అయినా చాలామంది వేసుకుంటున్నారమ్మా" అన్నాడు. ఈ మాట మనం పెళ్ళయిన దగ్గర్నుంచీ వింటున్నదే!

ఈ స్పేసర్లలో రెండు రకాలున్నాయి. ఒకటి ఉత్త పళ్ళెం. హబ్బుకి ఉన్న పాత మరల మీదే తగిలించి, దానిమీద చక్రం పెట్టి పాత నట్లతోనే బిగిస్తారు. పళ్ళెం మందం మేర మర పొడుగు తినేస్తుంది కాబట్టి నట్టు పట్టుకోవడానికి మిగిలే చుట్లు తక్కువ. అవి చవక. రెండోరకం వీడు తెప్పించినవి. బిళ్ళని ముందు హబ్బుకి విడిగా నట్లతో బిగించాలి. ఆ తర్వాత బిళ్ళకున్న సొంత మరలకి చక్రాన్ని బిగించాలి. అంటే ఒక్కో చక్రానికి లోపల ఆరు నట్లు, బయట ఆరు. నాలుగు చక్రాలకీ నలభై ఎనిమిది. బయటి ఇరవై నాలుగూ దారినపోయేవాళ్ళకి కూడా కనిపిస్తాయి. లోపలి ఇరవై నాలుగూ చక్రం విప్పితే తప్ప బిగించినవాడికి కూడా కనపడవు.

ఈ మాట గుర్తుంచుకోండి. నా కథంతా దీనిలోనే ఉంది.

శనివారం మధ్యాహ్నం గరాజ్‌లో పని మొదలుపెట్టాడు. కోడలు పాపని పడుకోబెడుతోంది, మావారికి నడుం నెప్పి, కాబట్టి టార్చి పట్టే ఉద్యోగం నాకు దక్కింది. నా పీట మీద నేను కూర్చున్నాను. బండి నేలమీద ఉండగానే నట్లు కొంచెం వదులు చేశాడు. ఎదురు చక్రాలకి అడ్డుచెక్కలు పెట్టాడు. జాకీతో లేపి, జాకీని ఒక్కదాన్నే నమ్మకుండా కింద ఇనుప స్టాండు పెట్టాడు. అది చూసి నాకు ధైర్యం వచ్చింది. చక్రం ఊడదీస్తే హబ్బు మీద తుప్పు పొరలు పొరలుగా ఉంది. దాన్ని ఇనుప బ్రష్షుతో తెల్లగా వచ్చేదాకా తోమాడు. "ఇక్కడ ఆవగింజంత తుప్పు మిగిలినా బిళ్ళ సమంగా కూర్చోదమ్మా. ఇప్పుడు బిగిసినట్టే ఉంటుంది, తిరుగుతూ ఉంటే ఆ తుప్పు నలిగి పొడయిపోతుంది, నట్టు వదులైపోతుంది" అన్నాడు. చూశారా, అన్నీ తెలుసు వాడికి!

ఆ మధ్య చిల్లుకి కూడా లెక్క ఉందండోయ్. అది హబ్బు మధ్య బొడిపెకి సరిగ్గా, గాలి కూడా చొరకుండా కూర్చోవాలి. వదులుగా ఉంటే చక్రం ఒక పక్కకి జరిగి వణుకుతుంది. పాత మరల కొసలు బిళ్ళ దాటి బయటికొస్తే చక్రం దానిమీద ఆనదు. ఇవన్నీ ముందు చేత్తో పెట్టి చూసుకున్నాడు. నేను ఊరుకోలేక, "మరలు బిరుసుగా ఉన్నట్టున్నాయి, రెండు చుక్కలు కొబ్బరి నూనె వెయ్యనా?" అన్నాను. వాడు ఠక్కున చెయ్యి అడ్డం పెట్టాడు. నూనె తగిలితే నట్టు జారుడుగా తిరిగి, కొలత చూపేదానికన్నా ఎక్కువ బిగిసిపోయి మర సాగిపోతుందట. పొడిమరలకే ఆ కొలత.

ఆ కొలత కోసం పొడుగు పిడి ఉన్న పానా ఒకటి ఉంది, టార్క్ రెంచి అంటారు. దానిమీద అంకె పెట్టి తిప్పితే, అంత బిగువు రాగానే 'టక్' మంటుంది. వాడి బండి పుస్తకంలో కంపెనీ చక్రాల నట్లకి 83 ఫుట్ పౌండ్లని రాసి ఉంది. అదేమిటంటే, అడుగు పొడుగున్న పానా కొసకి 83 పౌండ్లు, అంటే ఇంచుమించు 37 కిలోల అర, వేలాడదీసినంత బిగువు. ఇరవై అయిదు కిలోల బియ్యం బస్తా ఒకటిన్నర అన్నమాట! లోపలి నట్లకి స్పేసర్లతో వచ్చిన కాగితంలో వేరే అంకె ఉంది, దాన్నే పాటించాడు. షెడ్డుల్లో 'డర్ర్'మని తిప్పే గాలి మిషనుతో చివరి బిగింపు చెయ్యకూడదట. దానికి ఎంత బిగించిందో తెలీదు.

నట్లు వరసగా బిగించకూడదు. ఒకటి బిగించాక దానికి సరిగ్గా ఎదురుగా ఉన్నది, ఆ తర్వాత పక్కది, మళ్ళీ దాని ఎదురుది. ఆరు చుక్కల నక్షత్రం ముగ్గు వేసినట్టే. నాకది భలే నచ్చింది. "ఇదీ... ఇప్పుడు అదీ..." అని టార్చితో చుక్కలు చూపిస్తూ, కుక్కరు కూతలు లెక్కపెట్టినట్టు ఒక్కో 'టక్' లెక్కపెట్టాను. మూడు చక్రాలు అయ్యేసరికి ముప్పై ఆరు.

నాలుగోది వెనక ఎడమ చక్రం. అప్పటికి చీకటిపడింది. నేను లోపలికి వెళ్ళి పెసరట్లు మొదలుపెట్టాను. పాప నిద్రలేచి ఏడుస్తోంది. వాడికి ఆఫీసు ఫోనొకటి వచ్చింది. "ఒరేయ్, చల్లారిపోతున్నాయి, త్వరగా కానిచ్చి రా!" అని వంటింట్లోంచి నేనే రెండుసార్లు కేక పెట్టాను. మూడో కేకకి వచ్చేశాడు. "అయిపోయిందా?" అంటే "అయిపోయింది" అన్నాడు.

మర్నాడు కార్యసిద్ధి హనుమాన్ గుడికి వెళ్ళాం. ఎందుకైనా మంచిదని నేను నాలుగు నిమ్మకాయలు పట్టుకెళ్ళి చక్రాల కింద పెట్టించాను. మావాడు సిగ్గుపడుతూనే నాలుగూ తొక్కించాడు.

స్పేసర్లు వేశాక యాభై నుంచి వంద మైళ్ళు, అంటే ఎనభై నుంచి నూట అరవై కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ బిగువు చూసుకోవాలి. కొత్త లోహం ఒకదానిమీద ఒకటి సర్దుకుంటుంది కాబట్టి మొదట్లో కొంచెం వదులవుతుంది. కుక్కరు పిడి స్క్రూ మనం కత్తి కొసతో బిగించుకోమూ, అలాగే. వాడు చూశాడు కూడా. వారం తర్వాత ఒక సాయంత్రం ఆఫీసు బట్టల్లోనే టార్క్ రెంచి తెచ్చి నాలుగు చక్రాలూ టకటకా చూసి, "పర్‌ఫెక్ట్" అని లోపలికొచ్చాడు. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

నేను కిటికీలోంచి చూశాను. చక్రం ఒక్కటీ విప్పలేదు. 'మరి ఆ లోపలివో?' అని నోటిదాకా వచ్చింది. అడగలేదు.

ఎందుకు అడగలేదంటే... మీలో పిల్లల దగ్గరికి వెళ్ళొచ్చిన వాళ్ళకి చెప్పక్కర్లేదు. అది వాడిల్లు. మనం చుట్టాలం కాము, అలాగని ఇంటివాళ్ళమూ కాము. ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టాలన్నా కోడల్ని అడిగి పెడతాం. వాడు ఇంజనీరు, నేను ఇంటర్ తప్పినదాన్ని. నట్ల గురించి నేనేం మాట్లాడను?

మే నెల మొదట్లో సరుకులకి వెళ్ళినప్పుడు మొదటిసారి విన్నాను. నేను వెనక సీట్లో ఎడమ పక్క, పాప కుర్చీ మధ్యలో. దుకాణం ముందు బండి నెమ్మదిగా మలుపు తిరుగుతుంటే నా కింద నుంచి 'టిక్... టిక్... టిక్.' వేగం పెరిగితే ఆ టిక్కులూ దగ్గరయ్యాయి. రోడ్డెక్కాక టైరు హోరులో కలిసిపోయింది. "ఏదో చప్పుడొస్తోందిరా" అన్నాను. "టైరులో రాయి ఇరుక్కుని ఉంటుందమ్మా" అన్నాడు. దిగాక చూశాడు, నిజంగానే ఒక గులకరాయి ఉంది. తీసేశాడు. నాలుక్కరుచుకున్నాను.

రెండు రోజుల తర్వాత మళ్ళీ టిక్. ఈసారి గులకరాయి లేదు.

మావారితో రాత్రి చెప్తే, "నీకు ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు కూడా తేడాగానే వినిపిస్తుందిగా! వాళ్ళ విషయాల్లో తలదూర్చకు" అన్నారు. ఆయన అన్నదీ తప్పు కాదు. కానీ నాకు నిద్రపట్టలేదు. మా నాన్నగారు గుర్తొచ్చారు. తెనాలి దగ్గర మా పల్లెలో మాకు ఎడ్లబండి ఉండేది. ఇరుసు కొసన చక్రం ఊడిపోకుండా ఇనుప సీల ఉంటుంది కదా. నాన్నగారు బండి కట్టిన ప్రతిసారీ, పక్క చేలోకి వెళ్ళడానికైనా సరే, రెండు పక్కలా వంగి ఆ సీల మీద చేత్తో తట్టి చూసి గానీ మమ్మల్ని ఎక్కనిచ్చేవారు కాదు. పొద్దున పెట్టింది సాయంత్రానికి ఎక్కడికి పోతుంది నాన్నా అంటే, "చూస్తే పోయేదేముందే?" అనేవారు. అంతే.

మే నెలాఖర్లో మెమోరియల్ డే సెలవులకి పాలో డ్యూరో కాన్యన్ వెళ్దామని హోటలు బుక్ చేశారు. అమరిల్లో అనే ఊరి పక్కన ఉంది, గ్రాండ్ కాన్యన్ తర్వాత అంత పెద్దదని చెప్పుకుంటారు. ఫ్రిస్కో నుంచి ఆరు గంటల ప్రయాణం, గంటకి డెబ్బై మైళ్ళ పైన, అంటే మన లెక్కలో 110, 120 కిలోమీటర్ల వేగం. నేను పులిహోర కలిపాను, చేగోడీలు డబ్బాలో పోశాను. బయల్దేరే ముందురోజు సాయంత్రం పాలు తేవడానికి కోడలూ నేనూ వెళ్ళాం. ఆ రోజు నేను కూర్చున్న సీటులో సన్నగా వణుకు. కోడలు కూడా, "అత్తయ్యా, మీకేమైనా తెలుస్తోందా?" అంది. ముందు చక్రాల్లో తేడా ఉంటే సాధారణంగా స్టీరింగులో తెలుస్తుందట, వెనక చక్రాల్లో ఉంటే సీట్లో. అది నాకు తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసింది మాత్రం ఆ సీటు పక్కన మర్నాడు ఆరు గంటలసేపు మా మనవరాలు కూర్చుంటుందని.

ఇంటికొచ్చి వాడి ముందు నిలబడ్డాను. "ఆ వెనక ఎడమ చక్రం విప్పి లోపలి నట్లు నాకు చూపించు."

"రేపు పొద్దున నాలుగింటికి లేవాలమ్మా. బయటివి నిన్ననే చూశాను. గట్టిగా ఉన్నాయి."

"బయటివి కాదు, లోపలివి. అది చూపిస్తే గాని పాపని ఎక్కించను."

అంత గట్టిగా నేనెప్పుడూ వాడితో మాట్లాడలేదు. వాడి మొహం ఎర్రబడింది. "నాకు తెలీదా అమ్మా? నువ్వు టార్చి పట్టుకుంటే సరిపోయిందా?" అన్నాడు. మావారు "ఏమోయ్, ఊరుకో" అన్నారు. నేను ఊరుకోలేదు. కోడలు ఒక్క మాటా అనకుండా పాప బట్టలు పెట్టిన పెట్టె తెచ్చి హాల్లో కింద పెట్టి దానిమీద కూర్చుంది. ఇక వాడు విసురుగా గరాజ్‌లోకి నడిచాడు. నేను పీట పట్టుకుని వెనకాలే వెళ్ళాను.

చక్రం ఊడదీశాడు. టార్చి వేశాను. లోపలి నట్లలో మొదటిదాని మీద పానా పెట్టాడు, తిరిగింది. రెండోది తిరిగింది. మూడోదానికి పానా అక్కర్లేకపోయింది, వేళ్ళతోనే తిరిగింది. వాడు ఆ నట్టుని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు.

ఆరింటిలో మూడు వదులు. బిళ్ళ ఊడదీస్తే దాని చిల్లులు రెండు కోలగా అరిగి ఉన్నాయి. మరల మీద చుట్లు నలిగాయి. హబ్బు మీద ఒక పక్కన చంద్రవంక లాగా తుప్పు, దాని చుట్టూ ఎర్రటి పొడి. ఆ చక్రం ఒక్కటీ తోమలేదు. ఫోను చెవిలో పెట్టుకుని, చీకట్లో, ఇంట్లోంచి నేను పెసరట్లు చల్లారిపోతున్నాయని అరుస్తుంటే, తోమకుండా బిగించేశాడు. బిగించినప్పుడు 'టక్' మనే ఉంటుంది.

చెప్పొద్దూ, నాకు ఒళ్ళు చల్లబడిపోయింది. ఆ బండి సుమారు రెండు టన్నులు. ఆ ఒక్క చక్రం మీద అర టన్ను. పొడుగాటి రోడ్డు మీద ఆ వేగంలో మిగిలిన మూడు నట్లూ ఎంతసేపు ఆగేవి? నాకు తెలీదు, తెలుసుకోవాలనీ లేదు. వాడిమీద కోపం రాలేదు. నా కేకలే నాకు వినిపించాయి.

చాలాసేపటికి వాడు, "సారీ అమ్మా" అన్నాడు. "పెసరట్లు చల్లారితే మళ్ళీ పోసేదాన్ని కదరా" అన్నాను. ఇద్దరం అంతకన్నా ఏమీ అనుకోలేదు.

ప్రయాణం మానేశాం. హోటలువాళ్ళు డబ్బు వెనక్కివ్వలేదు. మావారు రెండురోజులు ముభావంగా ఉండి, తర్వాత పక్కింటి గుజరాతీ ఆయనతో "మా ఆవిడ చెవులు పాము చెవులు" అని చెప్పుకోవడం నేను విన్నాను. ఆ పులిహోర గరాజ్‌లోనే కూర్చుని అందరం తిన్నాం, నాలుగు చక్రాలూ విప్పి పెట్టుకుని. మిగిలిన మూడు చక్రాల్లో లోపలి నట్లు గట్టిగానే ఉన్నాయి. తోమినవాటికీ తోమనిదానికీ తేడా కళ్ళకి కట్టినట్టు కనబడింది.

షెడ్డులో ఆ చక్రం మరలు ఆరూ మార్చారు. అరిగిన బిళ్ళ పనికిరాదు, పారెయ్యాల్సిందే. అక్కడి మెకానిక్కు పెద్దాయన, "చక్రాన్ని బయటికి జరపాలనుకుంటే స్పేసర్లు ఎందుకు, ఆ మేరకు బయటికి కూర్చునే చక్రాలే దొరుకుతాయి" అన్నాడట. చక్రం వెడల్పు మధ్య గీతకీ, హబ్బుకి ఆనే చోటుకీ ఉండే దూరాన్ని ఆఫ్‌సెట్ అంటారు. అది తక్కువ ఉన్న చక్రం కొంటే మధ్యలో బిళ్ళలుండవు, ఇరవై నాలుగు నట్లే. బేరింగు మీద భారం మాత్రం అప్పుడూ అంతే, అది తప్పదు. నాలుగు చక్రాలంటే చాలా డబ్బని, తర్వాత చూద్దామని, మావాడు వెనక రెంటికీ కొత్త స్పేసర్లు తెప్పించాడు. నాకిష్టం లేదు. ఆ మాట వాడితో అన్నాను కూడా. మంచివి, సరైన కొలతవి, పద్ధతిగా వేసుకుని ఏళ్ళ తరబడి తిరిగేవాళ్ళు ఉన్నారంటే ఉన్నారు, కాదనను. కానీ పద్ధతిగా అంటే చక్రాలు విప్పి చూడటం కూడా అందులో భాగమే కదా. మా కోడలు ఫ్రిజ్ మీద కాగితం అంటించింది. తారీఖు, బండి తిరిగిన మైళ్ళు, లోపలి ఆరు, బయటి ఆరు, నాలుగు గళ్ళు. 2025 జనవరి నుంచి టెక్సాస్‌లో సొంత కార్లకి ఏటా జరిగే సేఫ్టీ తనిఖీ తీసేశారు, కొన్ని కౌంటీల్లో పొగ పరీక్ష ఒక్కటే మిగిలింది. అంచేత తనిఖీ ఆఫీసరు ఉద్యోగం మా కోడలే తీసుకుంది.

ఈ సరదా అమెరికాలోనే అనుకుని నిశ్చింతగా ఉండకండి. మేం తిరిగొచ్చాక రాజమండ్రిలో మా తోటికోడలి కొడుకు, వాడి థార్ జీపుని లేపించి ఇలాంటి బిళ్ళలు వేయించుకుంటానని గంతులేస్తున్నాడు. తెప్పించుకోబోయేది ఆ మొదటిరకం పళ్ళాలు, చవకలో వస్తున్నాయని! మన దేశంలో కథ వేరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టాన్ని సవరించినప్పుడు, అనుమతి లేని మార్పులు చేయించిన యజమానికి ఒక్కో మార్పుకీ అయిదు వేలు జరిమానా గానీ, ఆర్నెల్ల దాకా జైలు గానీ, రెండూ గానీ అని పెట్టారు. రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు వాళ్ళు ముందు అడిగేదీ ఇదే. మా తోటికోడలితో ఇవన్నీ ఫోనులో చెప్తే, "నువ్వే చెప్పక్కా, నామాట వినడు" అంది. వాణ్ణి పిలిచి ఆ వేళ్ళతో తిరిగిన నట్టు సంగతి చెప్పాను. ఆలోచిస్తానన్నాడు. వాడు ఆలోచించే రకం కాదు గానీ, ఇంకా ఆర్డరు పెట్టలేదని వాళ్ళమ్మ కబురు.

ఆ నట్టు నా దగ్గరే ఉంది. వచ్చేటప్పుడు మావాడు చూడకుండా పర్సులో వేసుకొచ్చాను. పోపుల పెట్టె పక్కన పెట్టాను. మావారు అదేమిటో తెలీక రెండుసార్లు పారెయ్యబోయారు.

ఆదివారం ఆదివారం పిల్లలు ఫోన్ చేస్తారు. మొన్న మాట్లాడుతూ మాట్లాడుతూ, "ఇవాళ చక్రాలు విప్పాను అమ్మా" అన్నాడు.

"ఎన్ని చూశావు?"

"నలభై ఎనిమిదీ."

వెనకనుంచి మా మనవరాలు ఫోన్ లాక్కుని, "నానమ్మా, టార్చి నేను పట్టుకున్నా! నీ పీట మీద కూర్చున్నా!" అని అరిచింది.